ఆరేళ్ల మిర్చి ధర ఒక్క గీతగా గీస్తే నాన్నకి ఏమీ తెలియలేదు. ఎలా గీయాలి?

యార్డు_దారి
గుంటూరు యార్డులో తేజ రకం రోజువారీ ధర ఆరేళ్లది నా దగ్గర ఉంది. కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు పోయిన ధర, ఆ రోజు వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు). మొదటి రెండేళ్లది నాన్న నోటుపుస్తకంలోంచి ఎక్కించా, మిగతాది నేనే రోజూ రాసుకున్నా. ఎక్సెల్‌లో లైన్ చార్టు గీసి మొన్న నాన్నకి చూపించా. కాసేపు చూసి, "ఈసీజీ లాగుంది రా. ఇంతకీ ఇప్పుడు అమ్మాలా, ఆగాలా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, పోయిన సీజన్లో ఒక వాట్సాప్ సలహా గ్రూపులో ఒక చార్టు వచ్చింది. గీత గోడ ఎక్కినట్టు పైకి పోతోంది. అది చూసి 160 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. దెబ్బ తిన్నాక మళ్లీ తీసి చూశా. ఎడమవైపు క్వింటా ధర అంకెలు 12,400 దగ్గర మొదలై 13,000 దగ్గర ఆగిపోయాయి. నిజంగా పెరిగింది 500 రూపాయలు. కంటికి కనపడింది మాత్రం ఎన్నో రెట్లు. మా చార్టు అలా ఉండకూడదు. నాన్న చూడగానే తనకి తానే తేల్చుకునేట్టు ఎలా గీయాలి?

బ్రాడీపేట_4వ_లైను
ముందు ఆ పొడుగాటి గీతని ఏడాదికొకటిగా కొయ్యి. ఆరు ముక్కలనీ ఒకే పన్నెండు నెలల మీద ఒకదానిమీద ఒకటి వెయ్యి. పాతవి లేత బూడిద రంగులో, ఈ ఏడాదిది ముదురు ఎరుపులో. పక్కన రంగుల పట్టీ పెట్టొద్దు, ప్రతి గీత చివరే ఏడాది రాసెయ్. "ఈ టైముకి మామూలుగా ఎంత ఉంటది, ఇప్పుడు ఎంతుంది" అనేది అప్పుడు కంటికి ఆనుతుంది.

ఇంకోటి, జనవరిలో మొదలుపెట్టకు. జూన్‌లో మొదలుపెట్టు. మే నెల చుట్టూ దాదాపు నెలరోజులు యార్డుకి వేసవి సెలవులు కాబట్టి ఆ ఖాళీ గ్రాఫు అంచుకి పోతుంది, శుభ్రంగా ఉంటుంది.

గేటు_70
జూన్ మాటకి నా ఓటు. ప్రకాశం బ్యారేజీ లెక్కలు నేను ఎప్పుడూ జూన్ 1 నుంచి మే 31 దాకానే గీస్తా. నీటి సంవత్సరం అదే. జనవరి నుంచి గీస్తే వరద కాలం మధ్యలో పడి, దాని తర్వాత నీళ్లు వాడుకున్న కాలం రెండు ముక్కలవుతుంది.

కొట్టు_గుమస్తా
నదికి సరేనండీ. మిర్చికి జూన్ కుదరదు.

కొత్త కాయ జనవరి నుంచి దిగుతుంది, ఫిబ్రవరి మార్చిల్లో యార్డు నిండిపోతుంది. రైతు తలలో ప్రశ్న పుట్టేది అప్పుడే, అమ్మాలా ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టాలా అని. పెట్టిన సరుకు జూన్ నుంచి డిసెంబరు దాకా నడుస్తుంది. మీరు గ్రాఫుని జూన్‌లో కోస్తే ఫిబ్రవరిలో పెట్టి సెప్టెంబరులో అమ్మినవాడి కథ సగం కుడి అంచున, సగం ఎడమ అంచున పడుతుంది. సెలవుల ఖాళీ మధ్యలో ఉంటే ఉండనివ్వండి. ఆ నెలరోజులు సరుకు కదలదని వాళ్ల నాన్నగారికి తెలుసు.

బ్రాడీపేట_4వ_లైను
@కొట్టు_గుమస్తా ఒప్పుకుంటున్నా. నేను గ్రాఫు అందం చూశా, మీరు రైతు ప్రశ్న చూశారు. జనవరి నుంచే.

లెక్కల_టీచరమ్మ_తెనాలి
ఆ వాట్సాప్ చార్టు గురించి ఒక మాట. అక్షం సున్నా నుంచే మొదలవ్వాలని చాలామంది పట్టుబడతారు. కడ్డీ గ్రాఫుకి అది తప్పనిసరి, ఎందుకంటే అక్కడ మనం చదివేది కడ్డీ పొడవు. గీత గ్రాఫులో చదివేది వాలు. దానికి సున్నా అక్కర్లేదు గానీ, ఇటీవలి చరిత్ర మొత్తం పట్టేంత ఎత్తు ఉండాలి. ఆరేళ్ల కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా అక్షం పెట్టి అదే 500 రూపాయలు గీయి నాయనా, చిన్న మెట్టంత కూడా కనపడదు.

వాలు కూడా కాగితాన్ని బట్టి మారుతుంది. పదో తరగతి పిల్లల చేత ఒకే అంకెల్ని ఒకసారి నిలువు కాగితం మీద, ఒకసారి అడ్డ కాగితం మీద గీయిస్తాను. మొదటిది చూసి "అమ్మో" అంటారు, రెండోది చూసి "ఏం లేదులే టీచర్" అంటారు. 1988లో క్లీవ్‌లాండ్ అనే గణాంక శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీనిమీదే పని చేశారు. గీత ముక్కలు సగటున 45 డిగ్రీల దగ్గర ఉండేలా పొడవు వెడల్పులు కుదిర్చితే వాలుల్లో తేడాని కన్ను బాగా పట్టుకుంటుందని చెప్పారు. ఫోన్ తెర నిలువుగా ఉంటుంది. ఆ చార్టు దానికోసమే గీసి ఉంటారు, అందుకే గోడలా నిలబడింది.

యార్డు_దారి
నిజమే టీచర్ గారూ, అది నిలువు బొమ్మే. ఫోన్ నిండా వచ్చింది.

కోడ్_కారప్పొడి
బ్రో ఇంత దేనికి? పైథాన్‌లో ప్రాఫెట్ (పాత అంకెల్ని బట్టి రాబోయేవి అంచనా వేసే ప్రోగ్రాం) వేసెయ్, వచ్చే ఆరు నెలల ధర అదే గీసిస్తుంది. పది లైన్ల కోడ్. నాన్నకి కావాల్సింది రేపటి ధరే కదా, పాత ధరలు కాదు.

మాస్టర్‌చార్ట్
ముప్ఫై ఏళ్లు విజయవాడ రైల్వే డివిజన్లో బండ్ల నడక చూసే సెక్షన్ కంట్రోలర్‌గా చేశాను. మా బల్ల మీద పరిచి ఉండే కాగితం కూడా కాలం గ్రాఫే. అడ్డంగా గంటలు నిమిషాలు, నిలువుగా స్టేషన్లు, వాటి మధ్య దూరాన్ని బట్టి ఎడం. బండి ఒక స్టేషను దాటినట్టు ఫోన్లో చెప్పగానే చుక్క పెట్టి గీత లాగేవాళ్లం. గీత నిటారుగా ఉంటే బండి జోరుగా పోతున్నట్టు, అడ్డంగా సాగితే ఎక్కడో నిలబడ్డట్టు. సింగిల్ లైను మీద ఎదురుబొదురు బండ్ల గీతలు కలిసే చోటు స్టేషన్ గీత మీదే పడాలి. మధ్యలో పడితే ఒళ్లు జల్లుమనేది. ఇప్పుడు కంప్యూటరే గీస్తోంది, బొమ్మ మాత్రం అదే. ప్యారిస్ లియాన్ మధ్య బండ్లకి ఇలాంటి గ్రాఫునే మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1885లో అచ్చువేయించాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా చార్టులో జరిగిన గీత వేరు, జరగబోయే గీత వేరు. వేసుకున్న ప్లాను లేతగా, బండి నడిచింది గట్టిగా. రెండూ ఒకే పెన్సిల్‌తో ఒకే తీరున గీసినవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోనిచ్చేవాళ్లు కాదు. @కోడ్_కారప్పొడి నువ్వు గీసే రాబోయే ఆరు నెలలు ఎంత లేతగా ఉంటాయి నాయనా?

కోడ్_కారప్పొడి
నీడ పట్టీ వస్తుంది సార్, 80 శాతం అవకాశం ఇందులో ఉంటుందని. కానీ... మిర్చి మీద వేసి చూశా ఇప్పుడే, వాళ్ల డేటా లేదు కాబట్టి వేరే మార్కెట్ ధరలతో. ఆరో నెలకి పట్టీ ఎంత వెడల్పయిందంటే గ్రాఫు పై అంచు నుంచి కింది అంచు దాకా నీడే.

కొట్టు_గుమస్తా
అది నిజమైన జవాబే తమ్ముడూ. యార్డులో కూర్చున్న మాకూ అంతే తెలుసు.

బ్రాడీపేట_4వ_లైను
అందుకే గత ఏళ్ల బూడిద గీతలే మంచివి. "కోత నుంచి ఆరు నెలలకి ఏ ఏడు ఎటు పోయింది" అని ఆరు దారులూ చూపిస్తాయి. జోస్యం చెప్పినట్టు ఉండదు, జరిగిందే.

@యార్డు_దారి సెలవుల్ని ఎలా రాశావు షీట్లో? సున్నా పెట్టావా, వరస లేకుండా వదిలేశావా?

యార్డు_దారి
వదిలేశా. శని ఆదివారాలు, పండగలు, వేసవి సెలవులు, అసలు వరసలే లేవు.

బ్రాడీపేట_4వ_లైను
అక్కడే ఉంది తిరకాసు. అడ్డ అక్షాన్ని ఎక్సెల్ తేదీలుగా తీసుకుంటే వేసవి సెలవుల ముందటి చివరి చుక్కని సెలవుల తర్వాతి మొదటి చుక్కకి తిన్నని గీతతో కలిపేస్తుంది, మధ్యలో అమ్మకాలు జరిగినట్టు. తేదీల్ని మామూలు అక్షరాలుగా తీసుకుంటే ఇంకా ఘోరం, ఆ రెండు చుక్కలూ పక్కపక్కనే కూర్చుంటాయి, సెలవుల నెల మాయం. ప్రతి తేదీకీ వరస పెట్టి, అమ్మకం లేని రోజు ధర గడి ఖాళీగా వదులు. చార్టు సెట్టింగుల్లో ఖాళీ గడుల్ని ఖాళీగానే చూపమను. సున్నా మాత్రం పెట్టొద్దు, గీత నేలకి కొట్టుకుని లేస్తుంది. శని ఆదివారాల ఖాళీలు కంటికి చికాకనిపిస్తే వాటిని కలుపు, నెల ఖాళీని మాత్రం విడిగా ఉంచు.

సగటు తీస్తున్నావా?

యార్డు_దారి
ఏడు రోజుల సగటు తీశా, గీత నునుపు కోసం.

బ్రాడీపేట_4వ_లైను
యార్డు వారానికి ఐదు రోజులే కదా నడిచేది. ఏడు వరసల సగటంటే వారం మీద రెండు రోజులు. వారం కావాలంటే ఈ పాత షీట్లో ఐదు వరసలు తీసుకో, ప్రతి తేదీకీ వరస పెట్టాక ఏడు. పాండాస్‌లో (పైథాన్ లెక్కల లైబ్రరీ) అయితే వరసల్ని కాక తేదీల్ని లెక్కపెట్టమను, లేకపోతే సెలవుల తర్వాతి మొదటి వారం సగటులో సెలవుల ముందటి ధరలు కలుస్తాయి. ఇంకోటి, గడచిన 30 రోజుల సగటు గీసేవాళ్లు జాగ్రత్త. ఆ గీత అసలు ధరకంటే దాదాపు 15 రోజులు వెనకపడి నడుస్తుంది. ధర తిరగబడ్డ రెండు వారాలకి గీత తిరుగుతుంది. అప్పటికి లారీ లోడైపోయి ఉంటుంది.

కొట్టు_గుమస్తా
సగటు కాదు, మధ్యమం (మీడియన్, వరసలో పెడితే నడుమ పడే ధర) తీయండి. ఒక్క లాటు డీలక్స్ (మేలురకం) కాయకి ఎవరో పోటీపడి పాడితే ఆ రోజు గరిష్ఠం ఎగురుతుంది, మిగతా యార్డంతా మామూలు ధరే. పేపర్లో అచ్చయ్యేది ఆ గరిష్ఠం. రైతు దాన్ని చూసుకుని కాయ తెస్తాడు, తీరా వచ్చాక మా మీద కోప్పడతాడు.

ఇంకో మెలిక. మొదటి కోతల కాయ రంగు, నిగనిగ వేరు, చివరి కోతల కాయ వేరు. ఏప్రిల్‌లో ధర పడిందని గ్రాఫు చెప్తుంది. అదే నాణ్యత కాయ ధర పడిందా, నాసి కాయ ఎక్కువ వచ్చి ధర తగ్గినట్టు కనపడుతోందా అన్నది ఆ ఒక్క గీతలో తెలియదు. తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) లెక్క కలిసిందేమో చూసుకోండి ముందు.

యార్డు_దారి
తాలు కలవలేదు. గ్రేడ్ల సంగతి మాత్రం నేను ఆలోచించలేదండీ. మూడు గీతలు గీయనా మరి?

బ్రాడీపేట_4వ_లైను
కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా లేత పట్టీ, మధ్యలో ఎక్కువ సరుకు పోయిన ధర గట్టి గీతగా. పట్టీ వెడల్పయ్యే నెలల్లో నాణ్యతలో తేడాలు ఎక్కువున్నాయని తెలుస్తుంది. కానీ ఆరేళ్ల పట్టీలు ఒకదానిమీద ఒకటి పడితే బురదే. ఏడాదికొక చిన్న బొమ్మ, ఆరూ రెండు వరసల్లో, అన్నిటికీ నిలువు అక్షం ఒకటే. ఒక్కో బొమ్మకి ఒక్కో అక్షం పెడితే మళ్లీ ఆ వాట్సాప్ చార్టు దగ్గరికే వెళ్తాం.

కోడ్_కారప్పొడి
వచ్చిన టిక్కీలు కూడా ఉన్నాయన్నాడు కదా. కుడివైపు రెండో అక్షం పెట్టి ధర మీదే గీస్తే సరి.

లెక్కల_టీచరమ్మ_తెనాలి
వద్దు నాయనా. రెండు అక్షాలున్న బొమ్మలో గీతలు ఎక్కడ ఖండించుకోవాలో గీసేవాడి చేతిలో ఉంటుంది. కుడి అక్షం కొంచెం సాగదీస్తే ఖండన ఫిబ్రవరి నుంచి మార్చికి పోతుంది. చూసేవాడు ఆ ఖండనలో ఏదో అర్థం ఉందనుకుంటాడు. పైన ధర, కింద టిక్కీల కడ్డీలు, రెండిటికీ తేదీలు ఒకే వరసలో. కన్ను పైకీ కిందికీ తనే పోల్చుకుంటుంది.

ఏళ్ల మధ్య పోలికకైతే లాగ్ స్కేలు ఆలోచించు. 8,000 నుంచి 12,000 అయినా, 16,000 నుంచి 24,000 అయినా ఒకటిన్నర రెట్లే. మామూలు స్కేలు మీద రెండోది రెట్టింపు ఎత్తు కనపడుతుంది, లాగ్ మీద రెండూ సమానం.

కొట్టు_గుమస్తా
టీచర్ గారూ, రైతు బాకీ తీర్చేది రూపాయల్లో, రెట్లలో కాదు. ఆ పెద్దాయనకి లాగ్ చూపిస్తే మళ్లీ ఈసీజీ అంటాడు.

లెక్కల_టీచరమ్మ_తెనాలి
సరే, నాన్నకి రూపాయలు, కొడుక్కి లాగ్.

గేటు_70
లాగ్ మాట వచ్చింది కాబట్టి, నదిలో అది లేకపోతే నాకు గడవదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ ఒక్క శిఖరాన్ని మామూలు స్కేలు మీద పెడితే మామూలు రోజుల ప్రవాహమంతా నేలకి అతుక్కుపోయిన చారలా ఉంటుంది. లాగ్‌లో అన్నీ కనపడతాయి, కాకపోతే గేట్లన్నీ మూసిన రోజు ప్రవాహం సున్నా, సున్నాకి లాగ్ లేదు. ఆ రోజుల్ని కింద వేరే పట్టీలో చుక్కలుగా పెడతా. మొదటి హెచ్చరిక 3.97 లక్షలు, రెండోది 5.69 లక్షలు, ఈ రెండు అడ్డగీతలు ఎప్పుడూ ఉంటాయి. అవి లేకపోతే అంకెకి బరువు తెలియదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. గంటగంటకీ వచ్చే రీడింగుల్ని రోజుకొక సగటుగా కుదించా, ఫైలు బరువు తగ్గుతుందని. శిఖరం చాలా తగ్గిపోయింది. వరదలో కట్ట తెంచేది రోజు సగటు కాదు, ఆ నాలుగు గంటలే. కుదించాల్సి వస్తే ప్రతి రోజుకీ కనిష్ఠం గరిష్ఠం రెండూ ఉంచండి.

సింగ్‌నగర్_వాసి
ఈ చర్చ చదువుతూ ఊరుకుందామనుకున్నా. ఉండలేకపోయా.

ఆ ఆదివారం, 2024 సెప్టెంబరు 1న, మా ఇంట్లోవాళ్లమంతా ఫోన్లలో బ్యారేజీ అంకెలే చూస్తున్నాం. కృష్ణ ఎంత పెరిగింది, రెండో హెచ్చరిక దాటిందా అని. మా వీధిలోకి నీళ్లు వచ్చింది బుడమేరు వాగు నుంచి. ఆ గీత మా కళ్ల ముందు లేనే లేదు. మేడ మీద మూడు రోజులున్నాం. ఒక గీత ఎంత బాగా గీసినా పక్క గీత గీయకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. @గేటు_70 మీరు బుడమేరు మట్టం కూడా కింద ఇంకో బొమ్మగా పెట్టండి, దయచేసి. మట్టం ఎంతుందో ఒక్కటే కాదు, గంటకి ఎంత పెరుగుతోందో కూడా గీయండి. సామాను పైకి మోసుకోవాలా, పిల్లల్ని తీసుకుని బయటపడాలా అన్నది ఆ రెండో గీతే చెప్తుంది.

గేటు_70
పెడతానండీ. గంటకి పెరుగుదల విడిగా, కడ్డీలుగా. ఈ వర్షాలకి ముందే.

మాస్టర్‌చార్ట్
@సింగ్‌నగర్_వాసి మీరన్నది మా భాషలో చెప్తే, పక్క సెక్షన్‌లో బండి ఎక్కడుందో తెలియకుండా మన సెక్షన్ చార్టు నింపడం. సరిహద్దు స్టేషన్ దగ్గర పక్క కంట్రోలర్‌ని అడిగి వాళ్ల గీత కొంచెం మన కాగితం మీదికి లాక్కునేవాళ్లం.

బ్రాడీపేట_4వ_లైను
మిర్చికి వచ్చేద్దాం, నాన్నగారి అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఆగితే లాభమా? ధర గీత ఒక్కటీ చాలదు. ఆగడానికయ్యే ఖర్చు కూడా కాలంతో పెరిగే గీతే, దాన్నీ అదే బొమ్మ మీద గీయి.

కోత రోజు ధర 13,000 అనుకో. వందకి రెండు వడ్డీ అయితే నెలకి 260. ఆరు నెలలకి 1,560, అంటే 14,560. కాయ ఆరి క్వింటాకి రెండు కిలోలు తరిగిందనుకుంటే 14,857 వస్తే గానీ అసలు కూడదు. దానిమీద స్టోరేజీ అద్దె, హమాలీ, రవాణా. ఈ అసలు గీత కోత రోజు నుంచి మెల్లగా పైకి వాలుతూ పోతుంది. ధర గీత దానికి పైన ఉన్నంతకాలం ఆగినందుకు ఫలితం ఉన్నట్టు, కిందికి దిగితే చేతినుంచి పోతున్నట్టు. ఆరేళ్ల చిన్న బొమ్మల్లోనూ ఈ గీత వెయ్యి.

కొట్టు_గుమస్తా
ఇది నాకు కావాలి. ఇది కొట్లో గోడకి పెడతా. అద్దె సీజన్ మొత్తానికి టిక్కీకి ఇంతని కాబట్టి అది మొదటి రోజే ఒక మెట్టుగా వెయ్యండి, నెలనెలా పెంచొద్దు. 2025 ఫిబ్రవరిలో ధర పడినప్పుడు కేంద్రం ప్రకటించిన క్వింటాకి 11,781 ధర ఉంది కదా, ఆ ఏడాది బొమ్మలో దాన్నీ అడ్డగీతగా పెట్టండి. రైతులు ఆ అంకె మర్చిపోలేదు.

యార్డు_దారి
రెండు రోజులు కూర్చుని గీశా. ఆరు బొమ్మలు, ఒకే అక్షం, సెలవుల ఖాళీ, కింద టిక్కీలు, అసలు గీత చుక్కలతో. అరండల్‌పేటలో ఏ3 కాగితం మీద నలుపు తెలుపులో ప్రింటు తీయించా, అందుకని ఎరుపు తీసేసి గీత లావు పెంచా.

నాన్న కళ్లజోడు పెట్టుకుని వేలుతో ఒక్కో బొమ్మా చూశాడు. చుక్కల గీత ఏంటని అడిగాడు, చెప్పా. ఆరేళ్లలో నాలుగేళ్లు ధర సెప్టెంబరుకి దాని కిందే ఉంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మూడో బొమ్మలో జూలై దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ అమ్మా నేను. మీ అమ్మ ఆపరేషన్‌కి. తొందరపడ్డాననుకున్నా ఇన్నాళ్లూ" అన్నాడు. ఆ తర్వాత గీత కిందికే పోయింది. పెన్ను అడిగి అక్కడ ఆ తేదీ తనే రాశాడు. ఇంకో రెండు చోట్ల కూడా రాశాడు, ఒకటి తామర పురుగు వచ్చిన ఏడు, ఇంకోటి నాకు కాలేజీ ఫీజు కట్టింది.

లెక్కల_టీచరమ్మ_తెనాలి
ఆ కాగితం జాగ్రత్తగా దాచు నాయనా. తేదీలు ఆయన చేతిరాతలోనే ఉండనివ్వు, టైపు చెయ్యకు.

కోడ్_కారప్పొడి
బ్రో ఆ అసలు గీత వేసిన షీటు పంపవా? మా మేనమామది పత్తి. అదే లెక్క వేసి చూస్తా. ప్రాఫెట్ లేకుండానే.

యార్డు_దారి
పంపుతా. ఒక్కటి మిగిలింది, మొదటి రెండేళ్లలో నాన్న పుస్తకంలో చాలా రోజులు ఖాళీలున్నాయి. సెలవులు కాదు, రాయని రోజులు. ఆ రెండూ ఒకేలా కనపడుతున్నాయి బొమ్మలో.

బ్రాడీపేట_4వ_లైను
సెలవుకి కింద లేత బూడిద పట్టీ వెయ్యి, రాయని రోజుకి తెలుపు వదులు. ఊహించి మాత్రం నింపొద్దు.

కొట్టు_గుమస్తా
నింపక్కర్లేదు. ఆ రెండేళ్ల తక్‌పట్టీ (అమ్మకం రసీదు) పుస్తకాలు మా కొట్లో అటక మీద ఉన్నాయి, తేజ ధరలు లాటు లాటుకీ, గ్రేడుతో సహా. శనివారం యార్డు సెలవు, పొద్దున్నే వచ్చేయండి. నాన్నగారిని కూడా తీసుకురండి.